ఓటు మనది, మరి కొళాయి ఎవరిది?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: తుంగభద్ర ఒడ్డునే ఉంటాం. ఒకటో తారీఖు తెల్లారేసరికి పింఛను ఇంటికొస్తుంది. కొళాయి నీళ్లు మాత్రం వచ్చినప్పుడు వచ్చినట్టు. రెండూ ప్రభుత్వమే ఇస్తుంది కదా, ఎందుకీ తేడా?
- ఒక పాఠకుడు, మంత్రాలయం

జవాబు: పింఛనుకు పేరుంది, ఇంతని మొత్తముంది, తేదీ ఉంది. 2024 జులై 1న పెంచిన 4,000 రూపాయలతో పాటు మూడు నెలల బకాయి 3,000 కలిపి చేతికిచ్చారు. అందులో వంద తగ్గినా అవ్వకు తెలిసిపోతుంది, ఎవరిని తిట్టాలో కూడా తెలుసు. అందుకే పార్టీల మధ్య పోటీ దాన్ని పెంచడంలోనే. నీళ్ల సంగతి అలా కాదు. మోటరు కాలిందా, పైపు పగిలిందా, కరెంటు లేదా, ఆపరేటరుకు జీతం అందలేదా? పంచాయతీని అడిగితే గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) వాళ్లను చూపిస్తారు, వాళ్లు కరెంటాఫీసును చూపిస్తారు. తప్పెవరిదో తేలనప్పుడు ఓటు ఎవరిని శిక్షించాలి?

ఓటు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో కరువుల్లో చూడండి. 1876-78 కరువు మన కర్నూలు, బళ్లారి సీమల్ని ఊడ్చేసింది. ఎన్నికలు, స్వేచ్ఛ ఉన్న పత్రికలు ఉన్నచోట అంతటి కరువు రాదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ వాదన. అయితే రోజూ అరకడుపుతో బతికేవాళ్లను అదే ప్రజాస్వామ్యం ఏళ్ల తరబడి పట్టించుకోకుండా ఉండగలదని కూడా ఆయనే అన్నారు. నీళ్ల కష్టం ఆ రెండో కోవలోది. దాని లెక్క కూడా పింఛను లెక్కలా అందరికీ కనబడాలి.

ప్రశ్న: ఏది అడిగినా సర్పంచి "నా చేతిలో ఏముంది?" అంటారు. మరి గెలిపించి ఏం లాభం?
- ఒక పాఠకుడు, పెద్దకడుబూరు

జవాబు: ఆ మాటలో సగం నిజముంది. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. గడువు తీరేలోపే జరపాలని 73వ రాజ్యాంగ సవరణ చెబుతున్నా, రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. సర్పంచులు లేని ఆ రోజుల్లోనే, 2019 అక్టోబరు 2న, గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సర్టిఫికెట్ కోసం మండలానికి తిరిగే బాధ తగ్గింది, నిజమే. కానీ అక్కడి సిబ్బంది ఎవరి శాఖకు వాళ్లు జవాబు చెప్పుకుంటారు, సర్పంచికి కాదు. ఎన్నికలయ్యాక, పంచాయతీల ఆర్థిక సంఘం నిధుల్ని ప్రభుత్వం కరెంటు బకాయిలకు జమ చేసుకుందని సర్పంచులే రోడ్డెక్కారు.

మిగతా సగం వినండి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం మంచినీళ్లకు, పారిశుధ్యానికే వాడాలంది. ఇంటి పన్ను పంచాయతీదే. జమాఖర్చులు గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. చేతిలో ఏమీ లేదంటే, "ఎంతొచ్చింది, ఎక్కడికి పోయింది, సభలో చదివి వినిపించండి" అని అడగండి. పైవాళ్లు నిధులు ఆపారంటే అదీ అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: ఏటా సుగ్గికి గుంటూరు పోతాం, మిరపకాయలు కోయడానికి. ఓట్లప్పుడు మాత్రం ఎవరో ఒకరు బండి పెట్టి పిలిపిస్తారు. మిగతా రోజుల్లో మా గోడు ఎవరికి చెప్పుకోవాల?
- ఒక పాఠకురాలు, కోసిగి

జవాబు: మీ ఓటు కోసిగిలో, కష్టం గుంటూరు చేలల్లో. అక్కడి నాయకులకు మీరు ఓటర్లు కారు, ఇక్కడివాళ్లకు ఐదేళ్లకోసారి కనబడతారు. అసలు చిక్కు అదేనమ్మా. కొంత మారింది. 2024 డిసెంబరు నుంచి వరసగా రెండు నెలలు పింఛను తీసుకోలేకపోయినా, మూడో నెల అన్నీ కలిపి ఇస్తున్నారు. ఆ మూడో నెల మాత్రం తప్పనివ్వకండి. రేషను బియ్యం అక్కడి డిపోలోనూ తీసుకోవచ్చు. మీరు లేని నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టల్ కావాలని బడి కమిటీ ద్వారా అడగండి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మూటలు కట్టకముందే, ఏ ఇంటి పిల్లలు ఎంతమంది ఊళ్లో ఉంటారో జాబితా రాసి హెడ్మాస్టరుకు ఇచ్చి, కమిటీలో తీర్మానం చేయించండి. బయల్దేరాక చెబితే ఆ ఏడాది పోయినట్టే.

ప్రశ్న: నీళ్ల కోసం అర్జీలిచ్చి విసిగిపోయాం. సోమవారం కలెక్టరేటుకు పోతే కాగితం తిరిగి మండలానికే వస్తోంది.
- ఒక పాఠకుడు, కౌతాళం

జవాబు: ఈసారి "నీళ్లు ఇప్పించండి" అని రాయకండి. సమాచార హక్కు చట్టం కింద ఇలా రాయండి: "ఏప్రిల్ నుంచి మా ఊరి మంచినీటి పనులకు ఎంత సొమ్ము వచ్చింది? మోటరు రిపేరుకు ఏ తేదీన ఎవరికి ఎంత చెల్లించారు? బిల్లుల నకళ్లు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) నకలు ఇవ్వండి." ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయండి.

ఈలోగా నీళ్లు రాని రోజులకు గోడ క్యాలెండరులో సున్నా చుట్టండి. రిపేరు బిల్లు ఉన్న వారంలోనూ సున్నాలు కనబడితే, ఆ రెండు కాగితాలూ గ్రామసభలో పక్కపక్కన పెట్టి మినిట్స్‌లో రాయించండి. తప్పెవరిదో అలా తేలిందంటే, వచ్చే ఎన్నికల్లో మీ ఓటుకు పని దొరుకుతుంది.