పిల్లాడు చల్లబడ్డాడు



బీఎస్సీ నర్సింగ్ చేసి, మా జిల్లాలోనే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. వానాకాలంలో మా వార్డు నిండా డెంగీ కేసులే. ఆ రాత్రి 14 మంది పేషెంట్లకి ఇద్దరం ఉన్నాం. పదకొండింటికి నాతో ఉన్న అక్కని క్యాజువాల్టీకి పంపేశారు. నేనొక్కదాన్నే మిగిలాను.

మూడో బెడ్ ఆయనకి ప్లేట్‌లెట్లు 32 వేలు. ఆయన తాలూకు వాళ్లు ఆరుగురు. "సిస్టర్, మళ్లీ టెస్ట్ చేయండి", "సిస్టర్, ప్లేట్‌లెట్లు ఎప్పుడు ఎక్కిస్తారు" అంటూ నా వెంటే తిరిగారు. ఒకాయన వీడియో తీసి పెడతానని కూడా అన్నాడు. పదకొండో బెడ్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు. తోడు వాళ్ల నాయనమ్మ ఒక్కతే. ప్లేట్‌లెట్లు 88 వేలు. ఐదు రోజుల జ్వరం ఆ సాయంత్రమే దిగింది. "పిల్లాడు చల్లబడ్డాడమ్మా, దేవుడి దయ" అంది ముసలమ్మ. నేనూ సంతోషించాను.

పన్నెండింటికి బీపీ చూస్తే 104/80. కానీ అతని వాలకం నాకు నచ్చలేదు. కుదురు లేకుండా దొర్లుతున్నాడు, కడుపులో నొప్పంటున్నాడు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్, పదకొండో బెడ్ పేషెంటు ఎందుకో బాగాలేడనిపిస్తోంది" అన్నాను. "జ్వరం లేదు, బీపీ నూరు పైనే ఉంది, ఇంకేం బాగాలేదు?" అని విసుక్కున్నారు. నాకు జవాబు తోచలేదు. మళ్లీ మూడో బెడ్ దగ్గరికే వెళ్లాను.

మూడున్నరకి నాయనమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నాడి అందడం లేదు. ఐసీయూకి మార్చారు. అదృష్టం, బతికాడు. ఆరో రోజు ఇంటికెళ్తూ ఆ ముసలమ్మ నాకు రెండు అరటిపళ్లు ఇచ్చింది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియని నేను నర్సుగా పనికొస్తానా? ఇంట్లో వాళ్లు మానేసి బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఇంకో సంగతి. రెండింటికి అతని వైటల్స్ చార్టులో రాశాను గానీ, చూసి రాయలేదు. పన్నెండింటివే దించేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

పేరు వద్దు

* * *

అమ్మా,

మన భాషలో "చల్లబడ్డాడు" అన్న మాటకి ఎంత పొంతన లేని రెండర్థాలున్నాయో నర్సులకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నుదురు చల్లబడితే మంచిదే. అరిచేతులు, అరికాళ్లు చల్లబడితే పరుగెత్తాలి. ఆ రాత్రి నువ్వు అతని పాదాలు పట్టుకు చూశావా? ఉత్తరంలో లేదు.

డెంగీలో జ్వరం దిగే వేళే గండం. అప్పటి నుంచి ఒకటి రెండు రోజులు రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. ఒళ్లు ఊరుకోదు కదా, నాళాలని బిగిస్తుంది. అందుకే పై అంకె నిలకడగానే కనిపిస్తుంది, కింది అంకె పైకి పాకుతుంది. 104 లోంచి 80 తీసేయి. 24. ఆ తేడా మామూలుగా 40 దాకా ఉండాలి. 20కి దిగితే షాక్ కిందే లెక్క. కడుపునొప్పి, కుదురు లేకపోవడం కూడా ప్రమాద సూచనలే. అతని 88 వేలు, మూడో బెడ్ ఆయన 32 వేలు చూసి ఎవరి పరిస్థితి గట్టిదో తేల్చేస్తారు జనం. వాళ్లని తప్పుపట్టను, ఊరంతా ప్లేట్‌లెట్ల జపమే చేస్తోంది. నర్సు మాత్రం ఆ అంకెతో వరస కట్టకూడదు. రక్తస్రావం లేని మనిషికి 32 వేలు ఉన్నాయని ప్లేట్‌లెట్లు ఎక్కించరు.

నీకు అనుమానం రావడం చిన్న విషయం కాదు. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1984లో ఇదే రాసింది: కొత్తవాళ్లు నియమం పట్టుకుని నడుస్తారు, చెయ్యి తిరిగినవాళ్లకి మనిషిని చూడగానే తెలుస్తుంది. ఎనిమిది నెలలకే నీ కన్ను పట్టేసింది. నోరే సహకరించలేదు. ఫోన్‌లో ఇలా అనాల్సింది: "సార్, పదకొండో బెడ్, డెంగీ ఐదో రోజు. సాయంత్రం జ్వరం దిగింది. బీపీ 104/80, తేడా 24. పల్స్ ఇంత, మూత్రం ఫలానా వేళకి పోశాడు, చేతులు ఇలా ఉన్నాయి. కడుపునొప్పి, స్థిమితం లేదు. లీక్ అవుతోందని నా అనుమానం. హెమటోక్రిట్‌కి రక్తం తీస్తున్నాను, మీరు వచ్చి చూడాలి." నిద్రలో ఉన్న డాక్టర్ కూడా దీనికి విసుక్కోలేడు. విసుక్కుంటే ఫోన్ చేసిన టైముతో సహా నోట్స్‌లో రాసి, నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పు. అప్పటికీ కదలకపోతే కన్సల్టెంట్‌నే లేపు. తిడితే పడు.

మూడో బెడ్ వాళ్ల సంగతి. అరిచేవాడికి ఊపిరి ఉంది, పక్కన మనుషులున్నారు. డ్యూటీ తీసుకోగానే ఇంజెక్షన్ ట్రే ముట్టుకోకు. ఖాళీ చేతులతో 14 బెడ్లూ ఒక్క చుట్టు చుట్టి రా. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకో, పేరు పెట్టి పిలువు, ఛాతీ చూడు. పది నిమిషాల పని. విటమిన్ మాత్ర గంట ఆలస్యమైతే కొంప మునగదు. ఆ చుట్టులోనే నీ వరస తేలుతుంది, రెండు గంటలకోసారి అది మారుతుంది కూడా. నాయనమ్మ ఒక్కతే ఉన్న పేషెంట్లని నేనైతే ఒక మెట్టు ముందే పెట్టుకునేదాన్ని, వాళ్ల తరఫున అరిచేవాళ్లుండరు కాబట్టి.

మామూలు ఆసుపత్రిలో ఐదుగురికొక నర్సు ఉండాలంటుంది భారత నర్సింగ్ కౌన్సిల్. నీకు 14 మంది. ఆ లోటు నీది కాదు.

రెండింటి చార్టు మాత్రం నీదే. దాన్ని మంది ఎక్కువన్న లెక్కలో కలపను. ఆ వేళకి ఆ 24 ఎంతకి దిగిందో చూసే అవకాశం నీ చేతిలో ఉండింది. పన్నెండింటి అంకెలే దించేసరికి, ఆ కాగితం చూసినవాళ్లెవరికైనా పిల్లాడు నిలకడగా ఉన్నట్టే. ఖాళీగా వదిలేసినా బాగుండేది. ఖాళీ గడి "చూడలేదు" అని నిజమే చెబుతుంది.

నేనేమీ పతివ్రతని కాను. ట్రైనింగ్‌లో టీపీఆర్ చార్టు మీద వార్డందరికీ రెస్పిరేషన్ నిమిషానికి 20 అని రాసేశాను. మా సిస్టర్ ఒక్క మాట అనకుండా, చేతిగడియారం విప్పి ఇచ్చి ఓ ఆడమనిషి మంచం పక్కన నిమిషం నిలబెట్టింది. 34. ఇప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే హెచ్చరిక చార్టులో 25కి చేరగానే, ఆ ఒక్క అంకెకే పూర్తి మూడు పాయింట్లు పడతాయి. ఆ సాయంత్రం వాచీ తిరిగిస్తుంటే నా చెయ్యి వణికింది.

ఆ పాత చార్టు జోలికి ఇప్పుడు పోకు, దిద్దకు. ఇన్‌చార్జ్ సిస్టర్‌ని విడిగా కలిసి జరిగింది జరిగినట్టు చెప్పు. ఇన్సిడెంట్ రిపోర్టు రాయమంటే రాయి. అందులో పదకొండింటికి ఒక నర్సుని తీసేసిన సంగతీ రాయి, రెండింటి సంగతీ రాయి. మెమో రావచ్చు, అది నిజమే. బ్యాంకు పరీక్షల మాట ఈ పని అయ్యాక ఆలోచిద్దాం. ఇన్‌చార్జ్ సిస్టర్ ఏమందో నాకు రాయి.