కన్నీళ్లు అవిశ్వాసం కాదు

ప్రశ్న: మావారు పోయి 6 నెలలు. చర్చిలో పాట మొదలైతే చాలు, ఏడుపొస్తోంది. విశ్వాసులు ఏడవకూడదంటున్నారు. నాలో లోపముందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: లేదమ్మా. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నారు. ప్రసంగి 3వ అధ్యాయం ఏడుపుకూ ఒక సమయం ఉందంటుంది. ఇద్దరూ కలిసి పాడిన పాటలు ఒంటరిగా వింటే గుండె బరువెక్కడం సహజం.

కొన్నాళ్లు చివరి వరుసలో కూర్చోండి. ఏడుపొస్తే కాసేపు బయటికెళ్లి రండి. రోజూ 13వ కీర్తన చదవండి. 6 వచనాలే, మొరతో మొదలై నమ్మకంతో ముగుస్తుంది. వారానికోసారి, భర్తను పోగొట్టుకున్న మరో సోదరితో కలిసి ప్రార్థించండి, భోంచేయండి.

నిద్ర, తిండి 2 వారాలుగా సరిగా లేకపోతే పాస్టరుగారితోపాటు డాక్టరుకూ చెప్పండి. బతకాలనిపించకపోతే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. వైద్యం తీసుకోవడం అవిశ్వాసం కాదు.