ఎగ్జాస్ట్ మానిఫోల్డు: ఇంజను విడుచు ఊపిరి

కారు వెనుక గొట్టము నుండి పొగ వెలువడుట మనము నిత్యము చూచుచునే యున్నాము. కాని ఆ పొగ సిలిండరును విడిచి మొట్టమొదట ప్రవేశించు భాగమును గూర్చి ఆలోచించువారు అరుదు. అదియే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. ప్రతి సిలిండరు నుండి వచ్చు శాఖలను ఒక్క గొట్టముగా కలుపు లోహనిర్మాణమిది. ఊపిరి విడువనిదే మరల పీల్చలేము గదా! ఇంజనుకును అదే నియమము. కాలిన వాయువు లోపల మిగిలినచో ఆ మేరకు క్రొత్త గాలికి చోటు తగ్గును, శక్తియు తగ్గును.

నాలుగు సిలిండర్ల ఇంజనును ఉదాహరణగా గైకొందము. అందు సాధారణముగా 1-3-4-2 వరుసలో, 180 డిగ్రీల భ్రమణమునకు ఒకటి చొప్పున, సిలిండర్లలో ఇంధనము మండును. ఎగ్జాస్ట్ కవాటము మాత్రము 180 డిగ్రీలకు మించి తెరచియుండును. అందుచే ఒకటవ సిలిండరు తన కడపటి వాయువును పంపుచుండగనే మూడవది అధిక పీడనముతో తన వాయువును వెడలించును. శాఖలు మరీ పొట్టివైనచో ఆ పీడనము ఒకటవ దానిలోనికి ఎదురు తన్నును. కావుననే కొన్ని ఇంజన్లలో 1, 4 శాఖలను ఒక జతగను, 2, 3 శాఖలను మరియొక జతగను ముందు కలిపి, పిమ్మట ఆ రెండింటిని ఏకము చేయుదురు. అప్పుడు ఒక జతలోని వంతుల నడుమ 360 డిగ్రీల ఎడము లభించును.

శాఖ పొడవునకును లెక్క గలదు. కవాటము తెరచుకొనగనే బయలుదేరిన పీడన తరంగము, శాఖలు కలిసి గొట్టము వెడల్పగు చోట అల్పపీడన తరంగమై వెనుకకు మరలును. అది సకాలమున కవాటమును చేరినచో మిగిలిన వాయువును బయటికి లాగును. వేడి వాయువులో తరంగవేగము సెకనుకు 550 మీటర్లనియు, తరంగము 120 డిగ్రీలలో తిరిగి రావలెననియు అనుకొందము. నిమిషమునకు 6000 భ్రమణముల వద్ద అందుకు పట్టు కాలము సెకనులో 300వ వంతు. ఆ వ్యవధిలో తరంగము 183 సెంటీమీటర్లు పోవును. ఇది రానుపోను దూరము గనుక శాఖ సుమారు 92 సెంటీమీటర్లు ఉండవలెను. 3000 భ్రమణముల వద్ద దీనికి రెట్టింపు కావలెను. ఒకే పొడవు అన్ని వేగములకు సరిపడదు. కనుక బండి ఏ వేగమున ఎక్కువగా నడచునో ఎంచి రూపకర్త పొడవును నిర్ణయించును.

ఇక వేడిమి సంగతి. 50 సెంటీమీటర్ల పోత ఇనుప మానిఫోల్డు 600 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కినచో సుమారు 3 మిల్లీమీటర్లు సాగును. అందుకే చివరి బోల్టు రంధ్రములను కొంత వదులుగా చేయుదురు. సాగుటకు వీలు లేనిచో లోహము పగులును. ఆ పగులు నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణాంతకము. మూసిన షెడ్డులో ఇంజను ఎన్నడును నడుపరాదు.

విద్యార్థి మిత్రులు వర్క్‌షాపులో చల్లారిన ఇంజను చెంత ఒకమారు నిలిచి, ఈ శాఖలు ఏ జతగా కలిసినవో స్వయముగా పరిశీలింపవలెనని మా కోరిక.