అర్ధరాత్రి దోసెల పిండి

చెల్లీ, నిన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయావు చూడు, లైను కట్టయిందనుకున్నాను. తీరా చూస్తే నువ్వు కునికిపాట్లు పడుతున్నావు! పగలు పదకొండు గంటలకి! చిట్టిది రాత్రిళ్లు పక్క దిగి ఇల్లంతా తిరుగుతోందన్నమాట. "రెండున్నరేళ్లకే ఇంత మొండితనమేంటక్కా, నా పెంపకంలోనే ఏదో లోపముంది" అన్నావే, ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు. కాఫీ కలుపుకొచ్చి కూర్చో, చెప్తాను.

మావాడి సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఇప్పుడంటే రెండో తరగతి చదువుతూ బుద్ధిమంతుడిలా కనిపిస్తున్నాడు గానీ, చిట్టి వయసులో వాడూ నిశాచరుడే. ఓ రాత్రి రెండింటికి నాకు మెలకువొచ్చింది. పక్కలో వాడు లేడు. వంటింట్లోంచి వెలుతురు. పరుగున వెళ్లి చూద్దును కదా, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో దోసెల పిండి గిన్నె. మోచేతి దాకా పిండి, మూతికి పిండి, ముక్కుకీ పిండి. నన్ను చూసి "అమ్మా, దోచె" అన్నాడు.

నాకు నవ్వాగలేదే. మీ బావగారిని లేపాను. ఫొటోలు తీశాం, కడిగాం, ముద్దులు పెట్టాం, పాలు పట్టి పడుకోబెట్టాం. మర్నాడు సరిగ్గా అదే వేళకి ఫ్రిజ్ ముందు హాజరు! ఎందుకు రాడు? పగలంతా ఎవరి పనుల్లో వాళ్లుండే అమ్మానాన్నా ఇద్దరూ రాత్రి రెండింటికి వాడి చుట్టూ చేరి నవ్వుతున్నారాయె. అంతకంటే భోగం ఇంకేముంటుంది?

తర్వాత పిల్లల డాక్టరుగారు విడమరిచి చెప్పారు. నిద్ర ఒకే ధారగా సాగదట. చిన్నపిల్లలకి ఇంచుమించు గంటకోసారి, మనకి గంటన్నరకోసారి పలచబడుతుందట. మనమైతే అటునుంచి ఇటు దొర్లి, దుప్పటి లాక్కుని మళ్లీ పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. పిల్లలు మాత్రం పడుకునేటప్పుడు పక్కనున్నది ఇప్పుడూ ఉందా లేదా అని చూసుకుంటారు. నువ్వు జోకొట్టి, అది నిద్రపోగానే పిల్లిలా జారుకుని గిన్నెలు తోముకోవడానికి వెళ్తావు కదా? దానికి మెలకువొచ్చేసరికి అమ్మ లేదు. నడక వచ్చిన పిల్ల, వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఇందులో మొండితనం ఎక్కడుందే?

అలాగని ధీమాగా ఉండకు. ఇంకో రాత్రి మావాడు ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకుంటూ వీధి తలుపు దగ్గరికి పోయాడు. గడియ అందుకోబోతూ ఉండగా ఆ కరకర శబ్దానికి లేచాను. గుండె ఆగిపోయిందనుకో. మర్నాడే పై గడియ బిగించాం, బాల్కనీ తలుపుకి కూడా. నువ్వూ ముందు ఆ పని చెయ్యి. పడుకునే ముందు బాత్రూమ్ బకెట్లు ఒంపేసి బోర్లించు. పొద్దున్నే నీళ్లు రావని నిండా పట్టి ఉంచుతాం చూడు, అదే ప్రమాదం. ఆ వయసు పిల్లలకి తల బరువెక్కువ, వంగి తొంగిచూస్తే తలకిందులుగా పడతారు, తిరిగి లేవలేరు. సగం బకెట్టు నీళ్లు చాలు. సంపు మూత, మెట్ల దగ్గర అడ్డు, దోమల మందు సీసా, మాత్రల డబ్బా, అన్నీ ఓసారి మోకాళ్ల మీద పాకుతూ చూసుకో, దాని ఎత్తులో ఏమేం అందుతున్నాయో తెలుస్తుంది. కానీ గది బయట గడియ పెట్టి దాన్ని లోపల ఉంచేసే పని మాత్రం చెయ్యకు. భయపడిపోతుంది, ఏదైనా జరిగితే బయటికీ రాలేదు.

ఈ విషయం విని అమ్మ మరో ఉపాయం చెప్పింది. నా చిన్నప్పటి మువ్వల పట్టీలు బీరువాలోంచి తీసి వాడి కాళ్లకి పెట్టింది. మగపిల్లాడికి పట్టీలేంటని మీ బావగారు నసిగారు గానీ, ఆ రాత్రి ఘల్లుమనగానే ముందు లేచింది ఆయనే. మనవాళ్లు ముద్దుకే పెట్టారనుకుంటాం గానీ, బిడ్డ ఏ మూలనున్నాడో తల్లికి చెప్పేది ఆ చప్పుడే కదా. మువ్వ ఊడితే నోట్లో పెట్టుకుంటారు, రోజూ సాయంత్రం ఓసారి లాగి చూసుకో.

ఇక అసలు మంత్రం. రాత్రి దానికి నువ్వు దొరకాలి, ఆట దొరకకూడదు. లేచి వస్తే లైటు వెయ్యకు, కబుర్లు చెప్పకు, కోప్పడకు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టి, "బజ్జో అమ్మా" అని ఒక్క మాట. మళ్లీ వస్తే మళ్లీ అంతే. మొదటి మూడు నాలుగు రాత్రులు ఇంకా ఎక్కువ వస్తుంది, నిన్ను పరీక్షిస్తున్నట్టే ఉంటుంది. నాలుగోసారికి కరిగి ఫోనులో పాటలు పెట్టావో, నాలుగుసార్లు లేస్తే పాటలొస్తాయని నేర్చుకుంటుంది. పక్కలో పడుకోబెట్టుకోవద్దని నేననను. మనమంతా అమ్మమ్మ కొంగు పట్టుకుని పడుకున్నవాళ్లమే కదా. నీ మంచం పక్కనే చిన్న పరుపు వేసినా చాలు, లేచి చూస్తే నువ్వు కనిపిస్తావు.

పగటి నిద్ర కూడా చూసుకో. ఏడాది నిండి మూడేళ్లు నిండని పిల్లలకి రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు, 3 నుంచి 5 ఏళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి, మధ్యాహ్నం కునుకుతో కలిపే. సాయంత్రం ఐదింటి దాకా పడుకోనిచ్చి తొమ్మిదింటికి నిద్రపొమ్మంటే ఎలా?

మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనీ, ఉప్పూ మిరపకాయలకి ఎంత ఖర్చని. దాంతోపాటు కొన్ని సంగతులు గమనించు. రాత్రిళ్లు వెనకవైపు గోక్కుంటోందా? నులిపురుగులేమో. అవి గుడ్లు పెట్టేది రాత్రిపూటే. కాళ్లు ఊరికే ఆడిస్తోందా? రక్తంలో ఇనుము తక్కువైనా అలా అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది, మనింట్లో ఉండదులే అనుకోకు. నోరు తెరుచుకుని గురక పెడుతోందా? టాన్సిల్సో, ఎడినాయిడ్సో చూపించాలి. పడుకున్న గంటా రెండు గంటల్లోనే లేచి, కళ్లు తెరిచే ఉన్నా నిన్ను పోల్చుకోలేనట్టు అరుస్తోందా, నడుస్తోందా? అది గాఢనిద్రలో జరిగేది. కుదిపి లేపకు, దెబ్బ తగలకుండా చూస్తూ మెల్లగా పక్క మీదికి మళ్లించు. పొద్దున్న దానికేమీ గుర్తుండదు. వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లు, మందులు సొంతంగా వెయ్యకు.

మూడేళ్లు దాటాక టికెట్టు పద్ధతి పనికొస్తుంది. 1999లో అమెరికాలో దీని మీద ఓ పరిశోధన పత్రమే వచ్చింది. పడుకునే ముందు పిల్లల చేతికి ఒక చీటీ ఇవ్వాలి. మంచినీళ్లకో, ఇంకో ముద్దుకో ఒక్కసారి బయటికి రావచ్చు, వస్తే చీటీ ఇచ్చెయ్యాలి, ఇక ఆ రాత్రికి ప్రయాణం బంద్. మా ఇంట్లో పాత ఆర్టీసీ టికెట్టు, మీ బావగారు కండక్టరు. చాలా రాత్రులు మావాడు ఆ టికెట్టు దాచుకోవడం కోసమే లేవకుండా పడుకున్నాడు.

చివరగా ఒకటి. ఇదంతా నువ్వొక్కదానివే మొయ్యకు. రోజు విడిచి రోజు వంతు వేసుకోండి. మరిదిగారి వంతు రోజున మువ్వలు మోగినా నువ్వు కదలకు, అటు తిరిగి పడుకో. మీ బావగారి మొదటి వంతు నాకింకా గుర్తే. మూడింటికి ఘల్లుమంది, ఆయన లేచి వెళ్లారు, తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. అబ్బో, పర్లేదే అనుకుని నిద్రపోయాను. తెల్లారి చూస్తే మావాడు మా మంచం నిండా కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నాడు. ఆయన కింద వాడి బొంత మీద ముడుచుకుని, గుప్పిట్లో టికెట్టుతో గుర్రు పెడుతున్నారు.