లాబాను కొలువులో

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 31:36–42, 1 పేతురు 2:18–20

సూరతు పట్టణమున, తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున, అమ్రోలి యను ప్రాంతమున్నది. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ సీమలనుండి మగ్గమును నమ్ముకొని సూరతు చేరిన తెలుగు కుటుంబములు అనేకములు. తాత మరమగ్గముపై నేసెను, తండ్రియు నేసెను. మనుమడు నేయుట మాని, నేసిన దానిని అమ్ముచున్నాడు. అమ్రోలిలో కాపురముండు అట్టి యువకుడొకడు ఒక ఆదివారము ప్రార్థనకూటము ముగిసిన పిమ్మట నాయొద్ద కూర్చుండి, తాను పనిచేయు బట్టల షోరూము సంగతి చెప్పెను.

అక్కడ యజమాని ఒకడే గాని ఆజ్ఞాపించువారు ముగ్గురు. ఒకరు చీరల దొంతర విప్పి చూపుమందురు. మరియొకరు ఎందుకు విప్పితివని కసరుదురు. నెల మొదట చెప్పిన కమీషను నెలాఖరున మారిపోవును. స్టాకులో ఒక చీర తక్కువైనచో, తీసినవారెవరో విచారింపకయే కౌంటరులోనున్న అందరి జీతములలోను కోత వేయుదురు. ఉదయము మొదలు రాత్రివరకు నిలువుకాళ్లపై నుండవలెను. ఇవన్నియు చెప్పి, “అయ్యగారూ, వంకర యజమానులకు కూడ లోబడవలెనని పేతురు పత్రికలో నున్నది గదా, నేను నోరు మూసికొని యుండవలసినదేనా?” అని యడిగెను.

వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. ఆ వచనమును పనివారి యెదుట మనము విరివిగా ప్రసంగింతుము. దుకాణదారులు ముందు వరుసలో కూర్చున్న దినమున కొలొస్సయులకు 4:1 తెరచుట అరుదు. ఆ యువకుడు విన్నది ఒక సగమే.

మన తెలుగు బైబిలులో ‘ముష్కరులు’ అని యున్నచోట గ్రీకు మూలములో ‘స్కోలియోస్’ అను పదమున్నది. దాని మొదటి యర్థము వంకర. వంకరయైనది తిన్ననగునని యెషయా ప్రవచనమును లూకా 3:5లో ఉదాహరించినచోటను ఆ పదమే కలదు. కాబట్టి పేతురు వంకరను వంకర యనియే పిలిచెను. దానిని మంచితనమని యొప్పుకొనుమని యెవనికిని ఆజ్ఞాపింపలేదు. 18వ వచనములోని భయము కూడ యజమానుని చూచి కలుగు బెదురు కాదని నా అభిప్రాయము. ఏలయనగా దానికి ముందు వచనములోనే భయము దేవునికి చెల్లవలసినదని అపొస్తలుడు చెప్పియున్నాడు. మరియు అతడు వ్రాసినది ఇంటి దాసులకు. వారికి పని మానుకొను హక్కు లేదు, లెక్క యడుగు హక్కును లేదు. జీతమునకు కుదిరినవాని సంగతి వేరు.

అట్టి జీతగాని సంగతి తెలియగోరినచో లాబాను మందలయొద్దకు పోవలెను. ఇరువది సంవత్సరములు యాకోబు అక్కడ కొలువు చేసెను. పగటి యెండయు రాత్రి మంచును అతని క్షీణింపజేసెను. కన్నులకు నిద్ర దూరమాయెను. జీతము పదిమారులు మార్చబడెను. మృగములు చీల్చిన గొఱ్ఱె నష్టమును అతడే భరించెను. పగలు దొంగిలింపబడినదైనను రాత్రి దొంగిలింపబడినదైనను లాబాను అతని చేతనే కట్టించుకొనెను. ఆ యువకుని యెదుట ఈ భాగమును చదువగా, “ఇది మా షోరూమే” అని నవ్వెను.

లాబాను చేసినది ఆ కాలపు నీతికి కూడ విరుద్ధమే. క్రీస్తు పూర్వము 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనములలో 266వది, మందను సింహము చంపినయెడల కాపరి ప్రమాణము చేయవలెననియు, నష్టము యజమానునిదే యనియు చెప్పుచున్నది. కాపరి అజాగ్రత్తయే కారణమైనచో అతడు కట్టవలెనన్నది 267వది. నిర్గమకాండము 22:13 కూడ చీల్చబడిన దానికి పరిహారము అక్కరలేదనుచున్నది. మన దేశమున 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, పనివానికి ప్రత్యేకముగా అప్పగింపబడిన సరకు అతని నిర్లక్ష్యమువలననే పోయినప్పుడు మాత్రమే జీతములో కోయవచ్చుననియు, అదియు అతని సంజాయిషీ వినిన తరువాతనే యనియు నిర్ణయించెను. 2019 నాటి వేతన స్మృతి ఆ నియమమునే నిలిపెను. ఎవరో తీసిన చీరకు అందరి జీతము కోయుట ఈ న్యాయములలో దేనికిని సరిపడదు.

యాకోబు ఏమి చేసెను? గిలాదు కొండమీద లాబానుకు ఎదురుగా నిలిచి, సంవత్సరములను, నష్టములను, జీతపు మార్పులను ఒక్కొక్కటిగా లెక్క చెప్పెను. దేవుడు తన కష్టమును చూచెనని కూడ చెప్పెను. ఈ మాటలను పరిశుద్ధ గ్రంథము గొణుగుడుగా ఎంచలేదు.

అయితే యాకోబు నిర్దోషి కాడు. చెప్పకుండ పారిపోయినందున, 31:20లో హెబ్రీ మూలము అతడు లాబాను ‘హృదయమును దొంగిలించెను’ అనుచున్నది. అది మోసగించుటకు హెబ్రీయుల నానుడి. అనువాదములో ఆ ‘దొంగ’ మాట జారిపోవుట నాకు ఎల్లప్పుడును వెలితిగా నుండును. వంకర యజమానునియొద్ద పనివాడును వంకరపోవుట సులభము. మంచి చీరలను దాచి తనకు తెలిసిన గిరాకీకే చూపుట, తోటివాడు ఒప్పించిన బేరమునకు తన పేర బిల్లు వేయించుకొనుట, “వారు కోసిరి గనుక నేనును తీసికొందును” అనుట. తీతుకు 2:10లో దాసులకు నిషేధింపబడిన అపహరణమును తెలుపు గ్రీకు మాటయే అననీయ వెలలో కొంత దాచుకొనిన సంగతి చెప్పుచోట, అపొస్తలుల కార్యములు 5:2లో, వాడబడినది.

ఇదంతయు వినిన పిదప ఆ యువకుడు తలవంచుకొని, అంతవరకు చెప్పని సంగతి బయటపెట్టెను. పాలియెస్టరు చీరలను అసలు పట్టని చెప్పి అమ్ముమని వారు ఆజ్ఞాపింతురట. అతడు చెప్పుచునే యున్నాడట. పట్టుపోగును కాల్చినచో వెండ్రుక కాలిన వాసన వచ్చి బూడిద రాలును. పాలియెస్టరు కరగి గట్టి పూసగా మారును. కొనువారెవరును షోరూములో పోగు కాల్చి చూడరు గదా! 2004నుండి ‘సిల్క్ మార్క్’ చీటీ ఉన్నను, దానిని అడుగువారు కొందరే. ఇక్కడ లోబడుట లేదని చెప్పితిని. తప్పుచేసి పడు దెబ్బలకు ఘనత లేదని పేతురు 20వ వచనములో చెప్పినది ఇట్టి స్థలమునకే వర్తించును. లేవీయకాండము 19:35 కొలతను గూర్చియు తూనికను గూర్చియు చెప్పినది నాలుకతో కొలుచువానికిని చెందును.

అతడు ఒక నోటుపుస్తకము కొనెను. దినదినము తాను అమ్మిన చీరలు, నెల మొదట చెప్పిన కమీషను, కోసిన మొత్తము వ్రాసికొనెను. మూడు నెలలైన తరువాత, ముగ్గురు పెత్తందారులను విడిచి నేరుగా యజమానునియొద్దకు పోయి, ఆ లెక్క చూపెను. పట్టు కాని దానిని పట్టని ఇకమీదట చెప్పనని కూడ చెప్పెను. యజమాని ఒక నెల కోతను తిరిగి యిచ్చెను. కమీషను మాట యెత్తలేదు. మరుసటి వారమే అతనిని చీరల కౌంటరునుండి పిల్లల బట్టల కౌంటరుకు మార్చిరి. అక్కడ కమీషను తక్కువ. ఇంటి అద్దె తీరుటకు అతని తల్లి రాత్రివేళ చీరలకు లేసు కుట్టుచున్నది. అతడు వేరొక ఉద్యోగము వెదకుచున్నాడు. ఈసారి చెప్పియే వెళ్లెదనని నాకు వ్రాసెను.