పాలిమర్ల కూర్పు తెలిసేదెలా?

ఏ ప్లాస్టిక్‌లోనైనా పొడవు, పొట్టి గొలుసు అణువులు కలిసే ఉంటాయి. వాటిని పరిమాణాన్ని బట్టి వేరుచేసే ద్రవ క్రొమటోగ్రఫీ పద్ధతిని 1964లో జాన్ మూర్ ప్రకటించారు. అదే జెల్ పర్మియేషన్ క్రొమటోగ్రఫీ.

నమూనాను ద్రావణిలో కరిగించి, సూక్ష్మరంధ్రాల జెల్ పూసలు నింపిన కాలమ్ గుండా పంపుతారు. చిన్న అణువులు రంధ్రాల్లో దూరి ఆలస్యంగా వస్తాయి. పెద్దవి దూరలేక ముందే బయటపడతాయి. జల్లెడకు ఇది తలకిందులని గుర్తుంచుకోండి!

పరిమాణం సరే, కూర్పు సంగతి? స్టైరీన్, మిథైల్ మెథాక్రిలేట్‌ల కోపాలిమర్‌ను తీసుకుందాం. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఇందులో స్టైరీన్ భాగమే శోషిస్తుంది. వక్రీభవన గుణక డిటెక్టర్ రెండింటినీ గుర్తిస్తుంది. ఈ రెండు సంకేతాలను పోల్చితే ఏ పరిమాణపు గొలుసుల్లో స్టైరీన్ సగటున ఎంతుందో తెలుస్తుంది.

తరగతి సగటు మార్కులు ఒక్కో విద్యార్థి సంగతి చెప్పవు కదా! పాలిమరూ అంతే. సగటు కూర్పు సరిగ్గానే ఉన్నా, గొలుసుల మధ్య తేడా ఎక్కువైతే అవి ఒకదానితో ఒకటి కలవక, పారదర్శకంగా ఉండాల్సిన వస్తువు మసకబారవచ్చు.