వాల్‌ఐ చేప పడాలంటే పడవ ఎంత వేగంతో వెళ్లాలి?

ప్రశ్న: మేం మినెసోటాలో ఉంటాం. జూన్‌లో పడవ వెనక ఎరలు లాగుతూ సరస్సంతా తిరుగుతున్నా వాల్‌ఐ ఒక్కటీ పడటం లేదు. ఏం మార్చాలి?

జవాబు: ముందు వేగం తగ్గించండి. వేసవి మొదట్లో నాకు ఎక్కువ నమ్మకం వానపాము గుచ్చిన స్పిన్నర్ (గిరగిర తిరిగే రేకున్న ఎర) మీదే. దానికి గంటకు ఒక మైలు, కాస్త అటూ ఇటూ చాలు. ఎరను అడుగు దగ్గర ఉంచే బాటమ్ బౌన్సర్ బరువు ప్రతి 10 అడుగుల లోతుకూ ఒక ఔన్సు చొప్పున చూసుకోండి. దారం నీళ్లలోకి సుమారు 45 డిగ్రీల వాలులో దిగాలి. అంతకన్నా వెనక్కి సాగిపోతుంటే బరువు చాలడం లేదు, లేదా పడవ జోరెక్కువైంది. బరువు అడుగును అప్పుడప్పుడూ తాకుతున్నట్టు చేతికి తెలియాలి, ఈడ్చుకుపోకూడదు. నీళ్లు బాగా వేడెక్కాక క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు గట్టి ఎర) కట్టి రెండు మైళ్ల వేగానికి వెళ్లొచ్చు.

తిన్నగా మాత్రం నడపకండి. మెలికలు తిరుగుతూ వెళ్తే మలుపు బయటివైపు ఎర వేగం పుంజుకుంటుంది, లోపలివైపుది నెమ్మదిస్తుంది. ఏ వైపు చేప తగిలిందో గమనించండి, ఆ రోజుకు సరైన వేగం అదే.

వాల్‌ఐ కంట్లో వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. దానివల్ల మసక వెలుతురులో వాల్‌ఐ చిన్న చేపలను తేలిగ్గా వేటాడుతుంది. అందుకే పొద్దువాలే వేళ, నాచుమొక్కల అంచు వెంట తిరగండి. పగలైతే గాలికి అలలు లేస్తున్న ఒడ్డు మేలు.

మినెసోటాలో వేసవిలో సాధారణంగా మనిషికి ఒకే గాలం. పడవలో ఇద్దరుంటే చెరో రకం ఎర కట్టండి. ఉంచుకోదగ్గ చేపల పొడవు, సంఖ్య సరస్సును బట్టి మారతాయి. బయల్దేరేముందే చూసుకోండి.